ఎదురొచ్చి చూడమన్నాయన

ఆయన పోయాడన్న కబురు నాకు పెద్దకర్మ కూడా అయిపోయాక తెలిసింది. మాచర్ల బస్టాండులో టీ తాగుతుంటే ఒక పాత లారీ డ్రైవరు కనిపించాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "లైట్లాయన పోయాడంటగా ముప్పాళ్ళలో. నీకు చానా కావలసినోడు గదా, పోయొచ్చావా?" అన్నాడు. లేదన్నాను. "కబురు పెట్టలేదా ఏంది?" అన్నాడు. పెట్టలేదన్నాను. నాకు కబురు పెట్టాలని వాళ్ళకెందుకు తోస్తుంది? పెట్టినా ఏ మొహం పెట్టుకుని వెళ్ళేవాణ్ణి? సగం తాగిన గ్లాసు బల్లమీద పెట్టి లేచి వచ్చేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే మా వైపు వాళ్ళెవరో ఒకరు, "ఓ, ఆయనా? లైట్లు తప్పుగా బిగించి పాలాయన కాలు తీశాడే, ఆయనేగా?" అంటారు. ఆయన శుభ్రంగా పనిచేసిన పాతికేళ్ళు ఎవరికీ గుర్తులేవు. ఆ ఒక్క ముక్కే గుర్తుంది. ఆ ముక్క అబద్ధం. దాన్ని పుట్టించింది నేను.

ఎనభైల్లో మాట. గురజాలలో లారీలు బాగుచేసే షెడ్డులో ఆయన కరెంటు పని చేసేవాడు. లైట్లు, హారన్లు, బ్యాటరీలు. పొడుగు మనిషి. పనిముట్ల పెట్టె మోసి మోసి ఒక భుజం కాస్త దిగి ఉండేది. పని మొదలుపెట్టగానే విప్పిన స్క్రూలన్నీ పెదాల మధ్య పెట్టుకునేవాడు. కింద పెడితే మట్టి అంటుతుందట, జేబులో వేస్తే ఏది ఎక్కడిదో కలిసిపోతుందట. అందుకని పని మొదట్లో ఆయన మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. మనం "ఆఁ?" అంటే కోపమొచ్చేది. ఒక్కో స్క్రూ బిగుస్తున్నకొద్దీ మాట తేటపడేది. ఆఖరిది కూడా బిగించాక ఆయన అనే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "పద, ఎదురొచ్చి చూద్దువుగాని."

అంటే, బండి సొంతదారు రోడ్డు మీద అంత దూరం పోయి, తన బండికి తానే ఎదురు రావాలి. ఆయన సీట్లో కూర్చుని లైటు వేస్తాడు. ఎవరికి బిగించినా ఇదే తంతు. "నీ లైటు ఎట్టుందో నీకు చచ్చినా తెలవదు అబ్బాయ్. సీట్లో కూర్చున్నోడికి రోడ్డు కనపడుద్ది, అంతే. లైటు కనపడేది ఎదురొచ్చేవాడికి. వాడు మనకి చుట్టమా పక్కమా, వచ్చి చెప్పడానికి? కాబట్టి నువ్వే పోయి చూడు." పెద్ద పెద్ద ఆసాములు కూడా ఆయన చెబితే పంచె ఎగగట్టుకుని రోడ్డు మీద నడిచొచ్చేవాళ్ళు.

లైటు వెలిగేదాకా మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. ఇంటి ఆడవాళ్ళు మజ్జిగ కలిపి తెచ్చి, నిలబడి నిలబడి విసుక్కుని లోపలికి పోయేవాళ్ళు. అద్దం తుడవడానికి తన భార్య పాత వాయిల్ చీర ముక్క ఒకటి వెంట తెచ్చుకునేవాడు. మనం గుడ్డ ఇస్తే తాకి చూసి పక్కన పెట్టేవాడు. "గీతలు పడతయ్" అనేవాడు.

ఇంకో పిచ్చి ఉండేది. పొద్దుపోయి నడిచొస్తున్నప్పుడు ఏ బండి లైటన్నా కళ్ళలో పొడిస్తే, నంబరు గుర్తుపెట్టుకుని మర్నాడు వాళ్ళింటికి పోయేవాడు. మా ఊరి రైసుమిల్లు యజమాని జీపుకి అలాగే పోయాడు. మిల్లాయన వాకిట్లో పడక్కుర్చీలో కూర్చుని, "పిలవని పేరంటానికొచ్చావేందయ్యా?" అన్నాడట. "మీరు పిలవకపోతే ఏం, రాత్రి మీ జీపు పిలిచింది. ఐదు నిమిషాలు గుడ్డోణ్ణి చేసింది నన్ను" అని, అడక్కుండానే బానెట్ ముందు కూర్చుని లైట్లు దించి, ఓ నమస్కారం పెట్టి వచ్చేశాడు. మిల్లాయన ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు. పెద్దమనుషులకు జ్ఞాపకశక్తి ఎక్కువ.

నాకప్పుడు ముప్పై ఏళ్ళు. క్వారీ నుంచి ఇళ్ళు కట్టేవాళ్ళకు నాపరాళ్ళు తోలేవాణ్ణి. పాత పికప్ వ్యాను ఒకటి కొన్నాను. ఇంజను మంచిదే, లైట్లే ఆముదం దీపాలు. పొద్దుగూకితే ముందున్నది గొయ్యో, గేదో తెలిసేది కాదు. బెజవాడ పోయి అప్పుడప్పుడే వస్తున్న హాలోజన్ లైట్లు రెండు కొన్నాను. తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాను. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని మా ఆవిడ దెప్పింది. లైట్లాయన్ని పిలిస్తే, "షెడ్డులో వద్దు, నేల ఎగుడుదిగుడు. మీ వాకిలి చదునుగా ఉందా? ఎదురుగా గోడ ఉందా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. ఆదివారం పొద్దున్నే వచ్చాడు.

వస్తూనే చెంబెడు నీళ్ళడిగాడు. తాగడానికేమో అనుకున్నాం. వాకిట్లో పరిచిన రాళ్ళ మీద పోసి, ఎటు పారుతాయో చూస్తూ గొంతుకూర్చున్నాడు. నీళ్ళు ఎటూ పోకుండా నిలబడ్డాయి. "రాళ్ళు పరవడం వచ్చురా నీకు" అన్నాడు. ఆయన నోట మెప్పు రావడం అదే మొదలు, అదే ఆఖరు. నాకిప్పటికీ ఆ మాట తలుచుకుంటే గర్వం వస్తుంది. వెంటనే సిగ్గూ వస్తుంది.

పాత లైట్లు విప్పాడు. పాత వైర్లను నమ్మనన్నాడు. బ్యాటరీ నుంచి లావు వైరు విడిగా లాగి మధ్యలో ఫ్యూజు పెట్టాడు. ఎర్తు వైరు తగిలించే చోట చాసిస్ మీది రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. "కనపడని చోట ఇంత రుద్దుడెందుకన్నా?" అంటే పెదాల మధ్య స్క్రూలతో ఏదో అన్నాడు. నాకర్థం కాలేదు. తిట్టాడనే అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. సాయంత్రానికి రెండు లైట్లూ కళ్ళు తెరిచిన బొమ్మల్లా కూర్చున్నాయి.

ఇక కొలత. బండిని గోడకు నాలుగు బారల దూరంలో నిలబెట్టించాడు. తర్వాత, "రాళ్ళెయ్యి" అన్నాడు.

"రాళ్ళెందుకన్నా, కొలిచేది లైట్లు గదా?"

"ఖాళీ బండికి కొలిస్తే ఏం లాభం? నువ్వు తోలేది రాళ్ళు. బరువేస్తే వెనక కుంగుద్ది, మూతి పైకి లెగుద్ది. లైటు పోయి ఎదుటోడి కళ్ళలో పడుద్ది. బరువెయ్యి, అప్పుడు కొలుద్దాం."

ఆదివారం క్వారీ సెలవు. ఇంటి దగ్గర రాయి లేదు. రేపు చూద్దామంటే ఒప్పుకోలేదు. "అయితే మనుషుల్ని ఎక్కియ్యి" అన్నాడు. ఆ తర్వాత అరగంట మా వీధిలో జాతర. మా ఆవిడ, మా అత్తగారు, పక్కింటివాళ్ళు, ఎదురింట్లో చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు, ఉన్న నాలుగు వడ్లబస్తాలు, అన్నీ వ్యానెక్కాయి. ఆయన కింద నిలబడి ఒక్కొక్కళ్ళనూ ఎగాదిగా చూసి బస్తాల్లో లెక్క కట్టాడు. మా అత్తగారిని చూసి "ఈమె నిండు బస్తా" అన్నాడు. వీధి చివరి దర్జీని చూసి "ఈయన పావు బస్తా, ఇంకోర్ని తీసుకురా" అన్నాడు. మా అత్తగారు ఆ మాటకు నెలరోజులు ఉడుక్కుంది. "కదలమాకండి, ఊపిరి మాత్రం పీల్చుకోండి" అని అందరికీ చెప్పి, జేబులోంచి ముళ్ళు వేసిన పురికొస తీశాడు. ఆయన టేపు అదే. నేల నుంచి లైటు నడిబొడ్డు దాకా పట్టి, ఆ ఎత్తునే గోడ మీద గుర్తు పెట్టి, మా ఆవిడ అరుగుకు పూసే జాజు అడిగి తెప్పించుకుని ఆ చివర నుంచి ఈ చివరకు గీత గీశాడు. డిప్పులో, అంటే లైటు దించి వేసినప్పుడు, వెలుగు ఆ గీతకు నాలుగు వేళ్ళు కిందే ఆగాలి. లైటు పైనున్న స్క్రూ తిప్పుతూ, గోడ చూస్తూ, మళ్ళీ తిప్పుతూ, వెలుగును సరిగ్గా అక్కడికి తెచ్చి ఆపాడు.

"గోడంతా పాడు చేశారు బావగారూ" అంది మా ఆవిడ వ్యానులోంచే.

"ఉండనీ అమ్మాయ్. ఎప్పుడన్నా అనుమానమొస్తే బండి తెచ్చి దీని ముందు పెట్టుకోండి. నేనున్నా లేకపోయినా గీత అబద్ధం చెప్పదు."

అద్దాల పైభాగాన నల్లరంగు పూశాడు. అప్పట్లో అది అందరూ పూయించేదే, వెలుగు పైకి చిమ్మకుండా. ఆ తర్వాత నా సైకిలు నాకిచ్చి వీధి చివరకు పొమ్మన్నాడు. పొద్దు వాలింది. నేను తొక్కుకుంటూ ఎదురొచ్చాను. ఆయన మొదట పెద్ద లైటు వేశాడు. ఒక్కసారిగా రోడ్డు మాయమైంది. హ్యాండిలు పట్టుకున్న నా చేతులు కూడా నాకు కనపళ్ళేదు. కాలు కింద పెడితే పక్కకాలవ అంచు తగిలింది. "ఆపన్నా!" అని అరిచాను. ఆయన డిప్పు కొట్టాడు. రోడ్డు మళ్ళీ వచ్చింది, రాళ్ళతో, గుంటలతో, వీధి దాటుతున్న కోడితో సహా.

"చూశావుగా" అన్నాడు దిగి. "ఇంక నేను నీకు చెప్పేదేం లేదు." అప్పుడు మజ్జిగ తాగాడు, రెండు గ్లాసులు.

చూశాను. అందుకే చెబుతున్నాను, తెలియక చేశానని నేను అనడానికి లేదు.

వారం తిరక్కుండా మా బావమరిది వచ్చాడు. వాడికీ ఒక వ్యాను ఉంది. సాయంత్రం నా బండెక్కి క్వారీ దాకా వచ్చి, దిగి నవ్వాడు. "ఏంది బావా, బెజవాడ లైట్లంటే ఏందో అనుకున్నా. పెళ్ళికూతురు నేల చూపులు చూసినట్టు చూస్తన్నయ్యే. పైగా నల్ల కాటుక. దిష్టి తగులుద్దనా?" అక్కడున్న రాళ్ళ కూలీలు కూడా నవ్వారు. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి స్క్రూడ్రైవరు తీసి, పైన ఉన్న స్క్రూలు రెండూ రెండేసి చుట్లు తిప్పాను. కిరసనాయిలు గుడ్డతో నల్లరంగు తుడిచేశాను. మా ఆవిడ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

"ఆయన పెట్టిన కొలతని కెలకమాకయ్యా" అంది.

"నీకేం తెలుసే లైట్ల సంగతి?"

"ఆయనకి తెలుసుగా" అంది.

మా వైపు డ్రైవర్లకు ఒక రోగం ఉంది. ఎదురుగా వచ్చే బండికి ముందుగా డిప్పు కొడితే ఓడిపోయినట్టు లెక్క. కోడిపందెం దగ్గర మొదలై యుద్ధం దాకా పోయిన సీమ మాది. పెళ్ళిళ్ళలో వియ్యంకుడికి తల వంచుతారు గానీ రోడ్డు మీద లైటు దించరు. "డిప్పు కొడితే మీసం ఊడిపోద్దా ఏందిరా?" అని లైట్లాయన అందరినీ తిట్టేవాడు. అందరూ నవ్వి, బండెక్కి మళ్ళీ అదే పని చేసేవాళ్ళు.

ఆ తర్వాత పది రోజులకేమో, దీపాలు పెట్టే వేళ, రాళ్ళతో వస్తున్నాను. కాలవ మీది ఇరుకు కల్వర్టు దగ్గర ఎదురుగా లారీ. వాడు డిప్పు కొట్టలేదు. నేనెందుకు కొట్టాలి? నా లైట్లు వాడి లైట్ల కంటే పెద్దవని వాడికి తెలియాలిగా. వాడు కొట్టే దాకా చూశాను. కొట్టాడు. గెలిచాననుకున్నాను. ఆ గెలుపు సంతోషం నాకు ఎంతసేపు ఉందో కూడా గుర్తే, లారీ నన్ను దాటిపోయేంతసేపు. లారీకి ముందు, రోడ్డు అంచున, మా ఊళ్ళో పాలు పోసే మనిషి సైకిలు మీద క్యాన్లతో ఎదురొస్తున్నాడన్న సంగతి క్యాన్లు కింద రాళ్ళ మీద పడ్డ చప్పుడు విన్నాకే తెలిసింది. కల్వర్టు కింద పడి ఉన్నాడు. కాలు రెండుచోట్ల విరిగింది.

అతన్ని నరసరావుపేట ఆసుపత్రికి చేర్చారు. నా వ్యానును రాళ్ళతో సహా మిల్లు ఆవరణలో పెట్టించి, తాళాలు మిల్లాయన తీసుకున్నాడు. కేసు దాకా పోకుండా మనలో మనం తేల్చుకుందామని మూడో రోజు సాయంత్రం పెద్దమనుషులు అక్కడే కూర్చున్నారు. పాలాయన తమ్ముడు వచ్చి చెప్పాడు: "కళ్ళలో పొద్దు పొడిచినట్టయిందంట మా అన్నకి. ఏం కనపళ్ళేదంట."

మిల్లాయన నా వంక తిరిగాడు. "డిప్పు కొట్టావా?"

"కొట్టా" అన్నాను.

"కొడితే కళ్ళలో ఎందుకు పడుద్ది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మిల్లాయనే అందుకున్నాడు. "లైట్లు బిగించిందెవరు? ఆయన్ని పిలవండి. ఊరందరి లైట్లకీ వంకలు పెడతాడుగా."

అది ఆ క్షణంలో నాకు దొరికిన దారి. నేను వెతకలేదు, నాముందు పరిచారు, నడిచాను. భయపడ్డానని చెప్పుకోవచ్చు, బండి పోతే పొట్ట గడవదని చెప్పుకోవచ్చు. అవి రెండూ నిజమే గానీ అసలు నిజం వేరు. మా బావమరిది అక్కడ గోడకానుకుని చూస్తున్నాడు. వాడి మాటకు రోషపడి స్క్రూలు తిప్పానని వాడి ముందు ఒప్పుకోవడానికి నాకు నోరు పెగల్లేదు. ఒక మనిషి బతుకు పోవడానికి అంతకంటే పెద్ద కారణం లేదు.

ఆయన వచ్చాడు. ముందు పాలాయన ఎట్లా ఉన్నాడని అడిగాడు. తర్వాత, "తగువెందుకు? బండి వీళ్ళ గోడ ముందుకు పట్టండి. గీత ఉంది" అన్నాడు. ఎంత ధీమాగా అన్నాడంటే, నాకు ఒక్క క్షణం ఆయన మీద జాలేసింది. అందరూ మా ఇంటికొచ్చారు. బండిని నాలుగు బారల్లో నిలబెట్టారు. వెనక రాళ్ళు అలాగే ఉన్నాయి. మసకపడింది. ఆయనే సీటెక్కి డిప్పులో పెట్టి లైటు వేశాడు.

వెలుగు గీతకు జానెడు పైన నిలబడింది.

ఆయన దిగాడు. గోడ దగ్గరకు పోయి గీత మీద చెయ్యి పెట్టి చూశాడు. పురికొస తీసి నేల నుంచి లైటు దాకా మళ్ళీ కొలిచాడు. అద్దం మీద వేలితో రుద్దాడు. "నల్లరంగేదీ?"

"కడిగితే పోయిందన్నా" అన్నాను.

ఆయన లైటు మీదికి వంగి స్క్రూ చూశాడు. నన్ను చూశాడు. "నువ్వేమన్నా తిప్పావా అబ్బాయ్?"

గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. ఆమె వంక చూడలేదు.

"లేదన్నా. మీరెట్టా బిగించారో అట్టాగే ఉన్నయ్."

ఇంకోసారి అడగలేదు. మనిషి లేదన్నాడంటే లేదనే ఆయనకు తెలుసు. చాలాసేపు వ్యాను వెనక రాళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు. చివరకు, "అయితే తప్పు నాదే. మనుషుల్ని ఎక్కించి కొలిచా. రాళ్ళ బరువు తక్కువ లెక్కేశా" అన్నాడు. తర్వాత మిల్లాయన వైపు తిరిగి, "ఇంక బండి మీద చెయ్యి పెట్టను" అన్నాడు. పెద్దమనుషులకు తీర్పు చెప్పే పని కూడా లేకుండా చేశాడు.

అందరూ పోయాక మా ఆవిడ లోపలికొచ్చింది. "నోరు తెరిచి ఒక్క మాటంటే నీ తల తెగి పడుద్దా?" అంది. "నువ్వు చెప్పకపోయావా?" అన్నాను, ఆమె నన్ను బయటపెట్టదన్న ధైర్యంతో. ఆమె ఏడ్చింది. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ వ్యానెక్కలేదు.

ఆయన అన్న మాట ప్రకారం షెడ్డు మానేశాడు. ఎవరు బతిమాలినా స్క్రూడ్రైవరు పట్టలేదు. పాలాయన ఆసుపత్రి నుంచి వచ్చేదాకా వారానికి రెండుసార్లు నరసరావుపేట పోయి మంచం పక్కన కూర్చునేవాడట. పాలాయన కాలు అతికింది గానీ పొట్టిదైపోయింది. "పాపం, ఆయన కావాలని చేశాడా ఏంది? లెక్క తప్పింది" అని పాలాయన నాతోనే అన్నాడు. తప్పు చెయ్యనివాణ్ణి అంత పెద్ద మనసుతో క్షమిస్తున్న మనిషి ముందు కూర్చుని నేను తల ఊపాను.

ఊరొదిలి భార్య పుట్టిల్లు ముప్పాళ్ళ పోయేముందు ఆయన ఒకసారి మా ఇంటికొచ్చాడు. ఆరు నెలలయి ఉంటుంది. సగమయ్యాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అబ్బాయ్, ఒక్కటి అడుగుతా. ఆ రోజు బండిలో రోజూ వేసే రాళ్ళేనా? ఏమన్నా ఎక్కువేశావా?"

ఇంట్లో ఎవరూ లేరు. మిల్లాయన లేడు, బావమరిది లేడు. పాలాయనతో తగువు ఏనాడో తెగిపోయింది. నిజం చెబితే నాకు పోయేదేమీ లేదు. ఆయన తిట్టి ఉండేవాడు, కొట్టి ఉండేవాడేమో, తర్వాత షెడ్డుకి తిరిగి పోయి ఉండేవాడు. పోనీ, నిజం చెప్పే దమ్ము లేకపోతే, "ఎక్కువేశానన్నా" అని ఇంకో అబద్ధమైనా ఆడొచ్చు. ఆ అబద్ధంతో కూడా ఆయన బతికేవాడు.

"రోజూ వేసేవే అన్నా" అన్నాను.

తల ఊపాడు. "అదీ సంగతి. నా లెక్కే తప్పు" అని మెట్లు దిగిపోయాడు. మొదటి అబద్ధానికి సిగ్గో భయమో ఏదో ఒకటి ఉంది. ఈ రెండోసారి, రాళ్ళ మాట నిజమే అయినా, దాచినదానికి అదీ లేదు. అలవాటు. దానికే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

తర్వాత నేను బాగానే ఉన్నాను. వ్యానులు మూడయ్యాయి. మిల్లాయన పోయాక ఊళ్ళో తగువులకు నన్నే పిలుస్తున్నారు. ఎవరు నిజం చెబుతున్నాడో ఎవరు దాస్తున్నాడో మొహం చూసి ఇట్టే చెప్పేస్తానని నాకు పేరు.

మాచర్లలో ఆ కబురు విన్న నాలుగో రోజు ముప్పాళ్ళ పోయాను. రేకుల ఇల్లు. ఆవిడ ముసలిదైపోయింది, వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. నన్ను చూసి పోల్చుకుని పీట వేసింది. ఎవరన్నట్టు కూడా అడగలేదు. మంచినీళ్ళు ఇచ్చింది. నీళ్ళు చేతిలో పెట్టుకునే చెప్పాను.

"వదినా, ఆ స్క్రూలు తిప్పింది నేను."

ఆవిడ చేతులు ఆగాయి. తర్వాత, నాతో కాదన్నట్టు, మెల్లగా చెప్పుకొచ్చింది.

"ఇంట్లో బల్బు మాడిపోతే మార్చేవాడు కాదు. స్టూలెక్కేవాడు, చెయ్యెత్తేవాడు, దిగేవాడు. 'నా వల్ల కాదే, ఎవర్నన్నా పిలువు' అనేవాడు. బండ్లన్నిటికీ దీపాలు పెట్టిన మనిషి. పడుకోబోయేముందు వేళ్ళ మీద లెక్కేసేవాడు. మీ అత్తగారెంత, మీ ఆవిడెంత, ఆ దర్జీ ఎంత అని. ఎన్నిసార్లు వేసినా సరిపోయేది. సరిపోతే ఇంకా భయపడేవాడు. 'లెక్క సరిగ్గానే ఉంది, మరి తప్పెక్కడ చేశానో తెలవట్లేదే' అనేవాడు. పోయేముందు వారం కూడా వేశాడు."

"ఊళ్ళో అందరినీ కూర్చోబెట్టి చెప్తా వదినా. రేపే చెప్తా."

"ఎవరున్నారు వినడానికి?" అంది. "వినాల్సినోడు పోయాడు. నువ్వు ఆయన బతికుండగా రాలేదు, పోయాడని చూసుకుని వచ్చావు. ఇప్పుడు చెప్పుకుంటే నీకు తేలికవుద్ది, అంతేగా? వద్దు. ఇంకెవరికీ చెప్పమాక. నీ దగ్గరే ఉంచుకుని మొయ్యి. ఆయన మోశాడుగా."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. సరే వదినా, ఎవరికీ చెప్పను అన్నాను. నీళ్ళ చెంబు పీట పక్కన పెట్టి లేచాను. ఆవిడ మళ్ళీ తొడిమలు తీసుకుంటోంది.

ఆ ఇంటికి నేను తీర్చగలిగిన బాకీ, ఎవరికీ చెప్పనన్న ఆ ఒక్క మాటే. ఆవిడ నన్నడిగిందీ అదొక్కటే. నాలుగు నెలలయినా కాలేదు. ఇదిగో, కూర్చుని అంతా రాసేశాను.